తుంబురు కోనలో ఒక పూట

పాపవినాశనం దగ్గర బస్సు దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. అప్పటికే జనం బారులు తీరి ఉన్నారు. ఆ రోజు ఫాల్గుణ పౌర్ణమి, తుంబురు తీర్థ ముక్కోటి. శేషాచలం అడవిలోని ఆ కోనకు మామూలు రోజుల్లో అనుమతి ఉండదు, ఏడాదికోసారి ఈ ముక్కోటికే దారి తెరుస్తారు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు రావద్దని మైకులో పదే పదే చెబుతున్నారు. నాకు 52 ఏళ్లు, ఎడమ మోకాలు నొప్పి. అయినా వెనక్కి తిరగాలనిపించలేదు. ఈ దారి కోసం నేను చిన్నప్పటి నుంచి ఎదురుచూస్తున్నాను.

మా అమ్మమ్మది తరిగొండ. సాయంత్రం దీపం పెట్టి ఆమె పాడే హారతి పాటలు వింటూ పెరిగాను. ఆ ఊరి భక్త కవయిత్రి వెంగమాంబ గురించి అమ్మమ్మ మా ఇంటి ఆడపడుచు గురించి చెప్పినట్టే చెప్పేది. 18వ శతాబ్దంలో చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న పిల్ల, జుట్టు తీయించుకోనని పట్టుబట్టిందట. ఊరిని వదిలి తిరుమల చేరిందట. అక్కడా పొరుగువారి పోరు తప్పక, తుంబురు కోనలో ఒంటరిగా కొన్నేళ్లు తపస్సు చేసిందట. "పులులు తిరిగే అడవిలో ఒక్కతే ఎలా ఉందో తల్లీ" అని అమ్మమ్మ ప్రతిసారీ అక్కడ ఆగేది. ఆ కోనను చూడకుండానే ఆమె వెళ్లిపోయింది. అమ్మ కూడా చూడలేదు. ఇప్పుడు అమ్మకు మంచం దిగడమే కష్టం.

చెల్లెలు, నేను పొంగలి తిని, నీళ్ల సీసాలు నింపుకొని నడక మొదలుపెట్టాం. మొదటి గంట అంతా ఎక్కడం, దిగడం. కాలి కింద రాళ్లు గుండ్రంగా, వదులుగా ఉంటాయి. ప్రతి అడుగూ చూసి వేయాలి. తెల్లవారాక గానీ చుట్టూ ఉన్న చెట్లు ఏవో తెలియలేదు. ఎర్రచందనం చెట్లు ఆకు రాల్చి నిలబడి ఉన్నాయి. బెరడు మొసలి వీపులా గళ్లు గళ్లుగా పగిలి ఉంది. కింద పడిన కాయ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మధ్యలో గింజ ఉన్నచోట ఉబ్బెత్తుగా, చుట్టూ కాగితం లాంటి పలుచని రెక్క. అరచేతిలో బరువే తెలియలేదు. గాలి తోలితే ఎగిరిపోయి, ఎక్కడో పడి మొలవడానికి చేసుకున్న ఏర్పాటు అది. ఈ చెట్టు ప్రపంచం మొత్తంలో సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. ఆ కొండల్లో పుట్టి పెరిగిన మనకు దాని పేరు దుంగల దొంగతనాల వార్తల్లోనే వినిపించడం నాకు బాధగా ఉంటుంది. కాయను తీసిన చోటే పెట్టాను.

ఏటిలోకి దిగాక దారి మారిపోయింది. ఇక బాట లేదు, బండల మీద నుంచి బండల మీదికి వెళ్లడమే. ఒక పెద్ద బండ మీద కూర్చుని ఊపిరి తీసుకుంటుంటే, చేతి కింద రాయి గరుకుగా, వరుసలు వరుసలుగా తగిలింది. వంగి చూశాను. అలల గుర్తులు! సముద్రపు ఒడ్డున నీళ్లు వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతలే, వేలెడు వెడల్పున, రాయిలో. ఈ కొండలు వంద కోట్ల ఏళ్లకు పైబడిన కాలం నాడు నీటి అడుగున పేరుకున్న ఇసుక. అది గట్టిపడి క్వార్ట్‌జైట్ అనే రాయి అయ్యింది. చెల్లెలి చేయి పట్టుకుని ఆ గీతల మీద పెట్టించాను. "అక్కా, తడిగా ఉన్నట్టే ఉంది" అంది. రాయి పొడిగానే ఉంది. నాకూ అలాగే అనిపించింది.

అక్కడి నుంచి కోన ఇరుకవుతూ వచ్చింది. ఈ రాయి నిలువుగా బీటలు వారుతుంది. ఆ బీటను పట్టుకుని నీరు యుగాల తరబడి కోసుకుంటూ పోతే ఇలాంటి లోయ ఏర్పడుతుంది. కొండను రెండుగా చీల్చి మధ్యలో మనిషి నడిచేంత సందు విడిచినట్టు ఉంది. తల ఎత్తితే ఆకాశం ఒక పేలికంత. ఎండ దిగదు, గోడలు చల్లగా చెమరుస్తుంటాయి. కొంచెం కొంచెంగా నీళ్లు మోకాళ్ల దాకా, తర్వాత నడుము దాకా వచ్చాయి. తాడు పట్టుకుని వరుసలో నడిచాం. ఒకచోట నా కాలు జారింది. వెనక ఉన్న తమిళ పెద్దావిడ నా భుజం గట్టిగా పట్టుకుంది. డెబ్బై ఏళ్లు ఉంటాయేమో, ఆమె కాళ్లకు చెప్పులు కూడా లేవు. "మెదువా, మెదువా" అంది. నెమ్మదిగా వెళ్లమని.

మలుపు తిరిగేదాకా జలపాతం కనబడదు, శబ్దం మాత్రం ముందే వస్తుంది. గోడలకు కొట్టుకుని పెద్దదవుతూ వచ్చే ఆ హోరు విని మహా ప్రవాహమేదో ఉందనుకున్నాను. మార్చి నెల కదా, ధార సన్నగా, తెల్లగా ఉంది. రెండు గోడల మధ్య నుంచి మడుగులోకి దూకుతోంది. దాని కింద నిలబడ్డాను. చలికి పళ్లు కొట్టుకున్నాయి, చాలాసేపు అక్కడి నుంచి కదలలేదు.

తుంబురుడనే గంధర్వుడు భార్యను కప్పవు కమ్మని శపించాడనీ, అగస్త్యుడి మాటలు విని ఆమెకు శాపం తీరిందనీ స్థలపురాణం. తీర్థానికి పేరు మాత్రం తుంబురుడిదే. నాకు ఇది ఇద్దరు ఆడవాళ్ల కోన. ఒకరిని శాపం తెచ్చి పడేసింది. ఇంకొకరు తన కాళ్లతో తాను నడిచి వచ్చారు. తాడు లేదు, మైకు లేదు, భుజం పట్టుకునే మనిషి లేదు. అమ్మమ్మ ఆగే చోట నేనూ ఆగిపోయాను.

ఒక్క సంగతి మాత్రం చెప్పక తప్పదు. తిరిగి వచ్చేటప్పుడు బండల సందుల్లో బిస్కెట్ కవర్లు, తడిసిన బట్టలు కనిపించాయి. కొండ మీద ప్లాస్టిక్ నిషేధం ఉన్నా, ఎవరో తెచ్చారు, ఎవరో వదిలారు. చేతికి అందినన్ని ఏరి సంచిలో వేసుకున్నాం. ఈ దారిని ఏడాదికోసారే తెరవడం మంచిదని గట్టిగా అనిపించింది.

ఎక్కుడులో మోకాలు చాలా బాధపెట్టింది. పాపవినాశనం చేరి, తడి చీరతోనే మెట్ల మీద కూర్చుని అమ్మకు ఫోను చేశాను.

"ఆమె ఉన్న గుహ చూశావా?" అని అడిగింది.

"చూపించేవాళ్లు ఎవరూ దొరకలేదు అమ్మా. కోన చూశాను. ధార కింద నిలబడ్డాను."

కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"సరే, దారి ఎలా ఉందో చెప్పు. మొదటి నుంచి చెప్పు" అంది.

బస్సు దిగిన దగ్గర నుంచి మొదలుపెట్టాను.