తెల్లవారితే గురువారం

ఆషాఢం కదా, ప్రెస్సులో పొద్దుటి నుంచీ ఈగలు తోలుకుంటున్నాం. రెండు బిల్లు పుస్తకాలు, ఒక బడివాళ్ల ప్రోగ్రెస్ కార్డులు తప్ప పనేం లేదు. శ్రావణ ముహూర్తాల ఆర్డర్లు ఇప్పుడే రావాలి.

పదకొండింటికి కొల్లిపర నుంచి ఒకాయన వచ్చాడు. పెద్దమ్మాయి పెళ్లికి మా దగ్గరే వెయ్యి శుభలేఖలు వేయించాడు. ఇప్పుడు చిన్నమ్మాయిది. "నూటయాభై చాలండీ, పసుపు రాసి పెద్దవాళ్లకి ఇవ్వడానికి. మిగతావాళ్లందరికీ వాట్సాపే. ఆ వీడియో మీరు చేస్తారా?"

"మేం చెయ్యం" అని చెప్పబోతున్నా. ఈలోపే మా డీటీపీ అమ్మాయి కంప్యూటర్ వెనక నుంచి "చేస్తామండీ, సాయంత్రానికి ఇచ్చేస్తాం" అనేసింది. నాకు చుర్రుమంది. రేటెంత అని ఆయన నన్నే అడిగాడు. నోట మాట రాలేదు. ఇన్నేళ్లుగా నేను చెప్పే రేటంతా కార్డు ఖరీదు, ప్లేటు, ఇంకు, మడత కూలీ కలిపి కట్టిందే. శివకాశి కార్డయితే వందకింత అని చెప్పేస్తా. కాగితమే లేని సరుక్కి ఏం లెక్క కడతాం? "పదిహేను వందలు" అంది మళ్లీ ఆ అమ్మాయే. ఆయన మారుమాట్లాడలేదు. కార్డుల దగ్గర మాత్రం అర్ధరూపాయికి పావుగంట బేరమాడాడు!

1996లో కంప్యూటర్ కొందామని నేనంటే నాన్న నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. చివరికి కొన్నాం. కాలితో తొక్కే పాత అచ్చు మిషన్ ట్రెడిల్ తుక్కు కింద పోయింది, సీసం అక్షరాలు కిలోల లెక్కన పోయాయి. ఆ అక్షరాలు పేర్చే కంపోజిటర్ బాబాయ్‌ని మాత్రం నాన్న పంపించలేదు. ఊరికే జీతమెందుకని నేనే గొడవపడ్డాను. "తిరగేసిన అక్షరాల్ని చదివిన కళ్లురా అవి, తిన్నగా ఉన్నవాటిలో తప్పు వదుల్తాయా" అని నాన్న ఆయన్ని ప్రూఫుల దగ్గర కూర్చోబెట్టాడు. ఇప్పటికీ బాబాయ్ మధ్యాహ్నం వచ్చి ఓ రెండు గంటలు ఉండి వెళ్తాడు.

ఆ అమ్మాయి పని చేస్తుంటే వెనకాల నిలబడి చూశాను. వీడియో యాప్‌లో తెలుగు పెడితే ఒత్తులు విడిపోయి 'లక్ష్మీ' కాస్తా 'లక్‌ష్‌మీ' అయి కూర్చుంది. తను కంగారుపడలేదు. మ్యాటరంతా మేం డీటీపీకి వాడే 'అను' తెలుగు ఫాంట్లలో కొట్టి, బొమ్మలాగా మార్చి, వీడియో మీద అతికించింది. ఇంతకీ అది మేం రోజూ చేసే కంపోజింగే. కింద కాగితం లేదు, అంతే.

మూడున్నరకి బాబాయ్ చేతిలో ఫోన్ పెట్టింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని, మూడుసార్లు ఆపించి చూశాడు. "అమ్మాయ్, 'తెల్లవారితే గురువారం' ఏది?"

ముహూర్తం బుధవారం రాత్రి 2.47కి. చోటు చాలక తను 'బుధవారం, 2.47 ఏఎం' అని పెట్టింది. మన లెక్కలో సూర్యోదయం దాకా బుధవారమే. ఏఎం అని చూసినవాడు మాత్రం మంగళవారం రాత్రే బట్టలు సర్దుకుని కల్యాణమండపానికి వస్తాడు. అక్కడ తాళం కప్ప ఉంటుంది. అమ్మాయి నాలిక్కరుచుకుంది. నిజం చెప్పాలంటే నేనూ చూసుకోలేదు.

అది సరిచేసి పంపాక అసలు టెన్షన్ మొదలైంది. తాతగారి పేరు ముందు కీ.శే. పెట్టమన్నారు. పెట్టాం. పాట మార్చమన్నారు. మార్చాం. పెళ్లికొడుకు ఫొటో వేరేది పంపారు. ఏడింటి దాకా ఆరుసార్లు. ఏ ఒక్కదానికీ డబ్బుల ఊసు లేదు, అమ్మాయి మొహం వాడిపోయింది. ఇక్కడ మాత్రం నాకు మా పాత పద్ధతి గుర్తొచ్చింది. కార్డుకయితే ప్రూఫ్ మీద 'ఓకే' అని సంతకం పెట్టించుకోనిదే మిషన్ ఎక్కించం. ఆ తర్వాత దిద్దితే ఖర్చు వాళ్లదే. వీడియోకి ఎందుకు ఉండకూడదు? నేనే ఫోన్ చేసి, "ఏవండీ, ఇంకొక్కసారి దిద్దిస్తాను. ఆపైన ప్రతిసారీ రెండొందలు" అన్నాను. అవతల కాస్త నిశ్శబ్దం. పది నిమిషాలకి "ఓకే, ఫైనల్" అని మెసేజొచ్చింది.

అమ్మాయి ఆ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి, ఏఫోర్ మీద ప్రింటిచ్చి, ప్రూఫుల కమ్మికి గుచ్చి ఇంటికెళ్లింది. ఆ వీడియోకి ఖర్చయిన కాగితం మొత్తం అదొక్కటే.