మెట్ల దగ్గర ఫైర్ డోర్‌కి రాయి అడ్డం పెట్టకండి, దయచేసి

విజయనగరంలో ఇప్పుడు పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు బాగానే లేస్తున్నాయి. మాదీ అలాంటిదే, సెల్లార్‌లో పార్కింగ్, ప్రతి ఫ్లోర్‌లో మెట్ల దగ్గర మంటా పొగా ఆపడానికి ఒక బరువైన ఫైర్ డోర్. బిల్డర్ బిగించి వెళ్ళిపోయాక దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. అసోసియేషన్ మీటింగ్ పెడితే లిఫ్టు ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు గురించి గంట, జనరేటర్ డీజిల్ గురించి ఇంకో గంట, ఈ తలుపుల మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

వాటర్ క్యాన్ల కుర్రాడికి అడ్డం అని, గాలి రావట్లేదు అని ఎవరో ఒకరు కింద రాయి పెట్టేస్తారు, లేదా తాడుతో రెయిలింగ్‌కి కట్టేస్తారు. వాచ్‌మన్‌ని అడిగితే "తలుపు తీసుంటే ఏటవుతాదండీ, దొంగలు మెట్లెక్కి రారు కదా" అన్నాడు. ఆయన్ని అని లాభం లేదు, ఆ తలుపు దొంగల కోసం కాదు పొగ కోసం అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో జరిగింది గుర్తుందా, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి, మంట కింద మొదలైతే పొగ మెట్ల మీదుగా పై అంతస్తుల్లోకి ఎక్కేసి 8 మంది పోయారు. మన సెల్లార్లలో కూడా ఇప్పుడు రాత్రంతా స్కూటర్లు చార్జింగ్‌లోనే ఉంటున్నాయి. అక్కడ ఏదన్నా అంటుకుంటే మెట్లు పొగగొట్టంలా మారిపోతాయి, లిఫ్టు ఎలాగూ వాడకూడదు, మరి పైన ఉన్న ముసలాళ్ళూ పిల్లలూ ఎటు నుంచి దిగాలి?

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 మెట్ల దగ్గర, లిఫ్టు లాబీ దగ్గర మంటని 120 నిమిషాలు తట్టుకునే తలుపు ఉండాలంటుంది. కానీ ఆ రెండు గంటలూ తలుపు మూసి ఉంటేనే, అది కూడా మనం తొయ్యకుండా దానంతట అది మూసుకుంటేనే. చూడ్డం చాలా తేలిక, సగం దాకా తీసి వదిలెయ్యండి, తర్వాత కొంచెమే తీసి వదిలెయ్యండి, రెండుసార్లూ తలుపు దానంతట అదే వెళ్ళి లాచ్ టక్కుమని పడాలి. పడకపోతే తలుపుని వెనక్కి మూసే పైనున్న క్లోజర్‌లో ఆయిల్ కారిపోయి ఉంటుంది, లేదా బందుల స్క్రూలు లూజై తలుపు కిందకి దిగిపోయి నేలకి రాసుకుంటూ ఉంటుంది. శ్రీకాకుళం తీరంలో, కళింగపట్నం, బారువ వైపు ఉండేవాళ్ళు ఉప్పు గాలికి ఈ బందులు ఇంకా ముందే తుప్పు పడతాయి కాబట్టి ఎక్కువసార్లు చూసుకోవాలి.

తలుపు అంచునో ఫ్రేములోనో సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది, ఇంట్యూమెసెంట్ స్ట్రిప్ అంటారు, వేడి తగిలితే ఉబ్బిపోయి సందు మూసేస్తుంది. సంక్రాంతికి పెయింటర్లు వచ్చి ఈ పట్టీ మీద, పక్కనే ఉన్న పొగ ఆపే బ్రష్ మీద, తలుపు మంటని ఎంతసేపు తట్టుకుంటుందో రాసున్న ప్లేటు మీద కూడా రంగు కొట్టేసి పోతారు, ఆ బ్రష్ గట్టిపడిపోయాక ఇంకెందుకూ పనికిరాదు. వానాకాలంలో బిగుసుకుంటోందని కార్పెంటర్‌ని పిలిచి చిత్రిక పట్టించడం ఇంకా ఘోరం. పక్కలా పైనా సందు 3 మిల్లీమీటర్ల చుట్టూ ఉండాలి, అంటే సుమారుగా రూపాయి బిళ్ళలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఉండే మందం. అంతకంటే బాగా ఎక్కువుంటే పొగకి దారి ఇచ్చినట్టే. కేబుల్ వాళ్ళు తలుపుకి చిల్లు పెడతామంటే అస్సలు ఒప్పుకోవద్దు.

లండన్‌లో 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయి 72 మంది చనిపోయాక, ఇంగ్లాండ్‌లో 11 మీటర్లు దాటిన నివాస భవనాల్లో అందరూ వాడే ఫైర్ డోర్లు మూడు నెలలకోసారి చూడాలని రూల్ పెట్టారు, 2023 జనవరి నుంచి అమల్లో ఉంది. మనకి ఎవరో వచ్చి రూల్ పెట్టేదాకా ఆగాలా? మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి ఒక క్లోజర్ మార్చడం పెద్ద ఖర్చు కాదు, తలుపు బరువుకి సరిపడేది కొనాలి అంతే. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళ కోసమో ఇంకెందుకో ఎక్కడన్నా తలుపు తీసి ఉంచక తప్పదు అనుకుంటే, తలుపుని తెరిచి పట్టి ఉంచే, ఫైర్ అలారానికి కలిపిన మాగ్నెట్ పెట్టించండి, అలారం మోగగానే అదే వదిలేస్తుంది. వచ్చే మీటింగ్‌లో నేను ఈ మాగ్నెట్ సంగతీ, మూడు నెలలకోసారి తలుపులు చూసి రాసే రిజిస్టర్ సంగతీ పెడుతున్నా, మీ బిల్డింగ్‌లో ఎవరైనా ఇలా చేస్తుంటే ఎవరి చేత చేయిస్తున్నారో కింద రాయండి.