మేక ఊపిరితిత్తికి పోసిన పోత

ఊపిరితిత్తిని కోసి చూస్తే కనిపించేవి గోడలే తప్ప, వాటి నడుమ గాలి నడిచే దారి కాదు. పశువైద్యం చదివే రోజుల్లో ఎన్ని శ్వాసనాళాలను చీల్చి చూసినా, అవి ఎక్కడ విడిపోయి ఎటు తిరుగుతాయో నాకు బోధపడలేదు. ఊపిరితిత్తినే అచ్చుగా వాడుకుని, ఆ ఖాళీని సిలికాన్‌తో పోత పోసి చూడాలన్న కోరిక అప్పటిదే.

మాంసం దుకాణంలో వాయునాళంతో సహా, కత్తిగాటు పడకుండా మేక ఊపిరితిత్తులు కావాలని అడిగితే దుకాణదారు నన్ను వింతగా చూశాడు. చిన్న గాటున్నా ద్రవమంతా అక్కడి నుంచే కారిపోతుంది.

మొదటి పోత పైభాగం మరునాటికి కూడా బంకగానే ఉండిపోయింది. ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే సిలికాన్‌కు గంధకం పడదు. గరాటును వాయునాళానికి కలపడానికి నేను వాడిన రబ్బరు గొట్టంలో ఉన్నది అదే. రెండోసారి ప్లాస్టిక్ గొట్టం పెట్టాను కానీ, సన్నని కొమ్మలన్నీ నిండాలన్న అత్యాశతో సిలికాన్ నూనె ఎక్కువగా కలిపాను. పలుచనైన ద్రవం వాయుగోణుల దాకా, అంటే నాళికల చివర ఉండే చిన్న గాలి తిత్తుల దాకా పాకడంతో, చివరికి కాలీఫ్లవర్ గడ్డలాంటి ముద్ద మిగిలి, లోపలి కొమ్మలన్నిటినీ కప్పేసింది. చిక్కదనం కుదిరి, పోత చిన్న నాళికల దగ్గరే ఆగడం మూడోసారికి గానీ సాధ్యం కాలేదు.

కాస్టిక్ సోడా ద్రావణం కొన్ని రోజుల్లో మాంసాన్నీ మృదులాస్థినీ కరిగించాక, ముందుగా నా కంటబడింది వాయునాళం రెండుగా చీలకముందే కుడిపక్క నుంచి విడిగా పుట్టి, కుడి ఊపిరితిత్తి ముందరి లంబికలోకి (తమ్మెలోకి) పోయే కొమ్మ. మేక, గొర్రె, ఆవు, పందిలో ఉండే ఈ నాళం కుక్కలో గానీ గుర్రంలో గానీ సాధారణంగా ఉండదు. మత్తు ఇచ్చేటప్పుడు వాయునాళంలోకి పెట్టే గొట్టాన్ని మరీ లోతుకు దింపితే ఆ లంబికకు గాలి ఎందుకు అందదో, పరీక్షల కోసం వల్లెవేసిన నాకు ఆ పోతను చేతిలో తిప్పి చూసినప్పుడే అర్థమైంది.

అయితే బల్ల మీద పెట్టి పోసినందువల్ల నా పోత అడుగున చదునుగా అణిగిపోయింది. అమెరికాలోని అల్బకర్కీలో లవ్‌లేస్ సంస్థ పరిశోధకులు 1970లలో ఊపిరితిత్తులను ఛాతీలోనే ఉంచి సిలికాన్ పోసే పద్ధతిని రూపొందించారు. పీల్చిన రేణువులు ఎక్కడెక్కడ చిక్కుకుంటాయో లెక్కగట్టడానికి మనిషి, కుక్క, ఎలుక, హామ్‌స్టర్‌ల పోతలలో కొమ్మల పొడవు, వ్యాసం, కోణం ఓపికగా కొలిచారు. నేను ఇరవై కొమ్మలు కొలిచేసరికే విసిగిపోయానని ఒప్పుకోవాలి.

ఇప్పుడు కోడి మీద పని చేస్తున్నాను. దాని ఊపిరితిత్తులు పక్కటెముకలలోకి పొదిగి ఉంటాయి కనుక ఛాతీలో ఉంచి పోయక తప్పదు. పైగా అక్కడి నుంచి గాలి సంచులు పొట్టలోకీ కొన్ని ఎముకలలోకీ పాకుతాయి. వాయునాళాన్ని కట్టేసినా, కోసిన రెక్క ఎముక గుండా పక్షికి గాలి ఆడుతుందని స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1774లోనే రాశాడు. అందుకే ఈసారి కోడి రెక్క మొదటి ఎముకను అడ్డంగా కోసి ఉంచి, వాయునాళంలోకి నెమ్మదిగా సిలికాన్ పోశాను. చాలాసేపు ఏమీ జరగలేదు. గరాటును ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నాక, కోసిన ఎముక అంచున నీలిరంగు సిలికాన్ చుక్క ఒకటి ఊరి నిలిచింది.