మామయ్య పూలు, సన్నాయి

మామయ్య పోయి ఏడాది అయింది. ఊళ్లో సగం మందికి ఆయన పెళ్లి మండపాలు అలంకరించే మనిషి, మిగతా సగానికి సన్నాయి వాయించే మనిషి.

తెల్లారకముందే కడియపులంక పూల మార్కెట్‌కి వెళ్లి, బుట్టలోకి చెయ్యి పోనిచ్చి అడుగున ఉన్న పూలు తీసి చూసేవారు. పైన అందరూ మంచివే పేరుస్తారు కదా! అరటినార తడిపి మల్లె, మరువం, కనకాంబరం కలిపి కడుతుంటే ఆ వేళ్లు సన్నాయి మీద ఆడుతున్నట్టే ఉండేవి. ప్లాస్టిక్ పూలకి మాత్రం ఎవరు అడిగినా ఒప్పుకోలేదు. దానివల్ల బేరాలు పోయాయి కూడా. అయినా ఆయనదే రైట్ అని ఇప్పటికీ అంటాను.

కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం అంటే ఆయనకి ప్రాణం. ఆ క్యాసెట్లు పెట్టుకునే దండలు కట్టేవారు. తాళి కట్టే వేళ గట్టిమేళం హోరెత్తించినా, అప్పగింతలప్పుడు డోలు ఆపించి, ఒక్కరే మెల్లగా నీలాంబరి రాగం అందుకునేవారు. వంటవాళ్లు కూడా పని ఆపి వచ్చి నిలబడేవాళ్లు.

ఆయన సన్నాయి విడిగా ఎక్కడా రికార్డు కాలేదు. మీ ఇంటి పెళ్లి వీడియోల్లో, సినిమా పాటలు కలపని ముక్క ఏదైనా ఉంటే దయచేసి పంపండి. అత్తయ్య వినాలంటోంది.