స్పానిష్ క్లాసులో టమోటా

నిన్న స్పానిష్ క్లాసులో లా టొమాటినా పండగ వీడియో వేసినారు. స్పెయిన్‌లో వలెన్సియా దగ్గర బుఞోల్ అని ఒక చిన్న ఊరు. ఆగస్టులో ఆఖరి బుధవారం గంటసేపు ఒకరి మీద ఒకరు టమోటాలు విసురుకుంటారు. 1945లో కుర్రోళ్ల గొడవతో మొదలైందట. క్లాసంతా ఈలలు. నాకు మాత్రం మా నాయన గుర్తొచ్చినాడు.

మాది పలమనేరు పక్క పల్లె. నా ఇంటర్ అప్పుడు ఒకసారి రేటు పడిపోయి, కోత కూలి కూడా రాదని ముప్పై క్రేట్లు మార్కెట్ బయటే పారబోసి వచ్చినాడు. చెప్పులకు అంటుకున్న గింజల్ని పుల్లతో గీక్కుంటా అరుగు మీద కూర్చున్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

రాత్రి తిరుపతి హాస్టల్ నుంచి ఆ వీడియో ఇంటికి పంపినా. వెంటనే అవ్వ ఫోన్. "ఆ తక్కాళ్లకు దుడ్లు ఎవురిస్తారు?"

ఊరి మునిసిపాలిటీ అవ్వా, 2013 నుంచి టికెట్ కూడా పెట్టినారు అన్నా.

"టికెట్ కొనుక్కోని కొట్టించుకుంటారా!" ఒకటే నవ్వు.

దెబ్బ తగలకుండా నలిపి విసరాలని రూల్ ఉంది అని చెప్తా ఉంటే, వెనక నుంచి నాయన గొంతు: "ఏం రకం కాయలంట?"

(టొమాటె అనే మాటే స్పెయిన్‌ది కాదు, మెక్సికో నావాట్ల్ భాషలోని టొమాట్ల్. పరీక్షకు చదివిందంతా నాయన ప్రశ్న ముందర పనికిరాలేదు.)

రకాన్ని స్పానిష్‌లో బరియెదాద్ అంటారు. రాసేది వి, పలికేది బ. సోమవారం క్లాసులో అడగాల.