బిర్లా మందిర్ కొండకు ఏ బండి మీద వెళ్ళాలి

బిర్లా మందిర్‌కు ఎలా వెళ్ళాలని ఎవరైనా అడిగితే హైదరాబాదీలు ఇచ్చే సమాధానం సాధారణంగా అసెంబ్లీ దగ్గరో, లక్డీకాపూల్ దగ్గరో ఆగిపోతుంది. అక్కడి నుంచి "పక్కనే, పైన కనబడుతూనే ఉంటుంది" అంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. తెల్లని శిఖరం నిజంగానే కనబడుతూ ఉంటుంది. అయితే ఎల్బీ నగర్ నుంచో మియాపూర్ నుంచో అసెంబ్లీ దాకా సుఖంగా వచ్చిన మనిషికి, ఆ కనబడే శిఖరానికీ తన కాళ్ళకూ మధ్య మిగిలి ఉన్న కొద్దిపాటి దూరమే అసలు ప్రయాణమని అప్పుడు తెలుస్తుంది. మా ఇంటికి ఊరి నుంచి వచ్చే బంధువుల్లో దాదాపు అందరూ ఈ గుడికి వెళ్ళాలంటారు. వాళ్ళను తీసుకువెళ్ళే బాధ్యత ఎప్పుడూ నాదే కనుక, ఈ విషయంలో నాకు కొన్ని స్థిరమైన అభిప్రాయాలు ఏర్పడ్డాయి.

గుడి ఉన్న నౌబత్ పహాడ్ ఎత్తు సుమారు 280 అడుగులు. పూర్వం రాజాజ్ఞలను నగారా మోగించి ప్రకటించిన గుట్ట ఇది. రాజస్థాన్ నుంచి తెప్పించిన 2000 టన్నుల పాలరాతితో పదేళ్ళ పాటు ఆలయాన్ని నిర్మించగా, 1976లో రామకృష్ణ మఠానికి చెందిన స్వామి రంగనాథానంద ప్రతిష్ఠ జరిపారు. అంత రాయిని పైకి చేర్చిన ఆ గుట్ట మీదికి మనుషులను చేర్చడానికి సిటీ బస్సు గానీ, రోప్‌వే గానీ లేవు. యాదగిరిగుట్టలో లాగా కొండ కింద ఆర్టీసీ బస్సెక్కితే పైన దిగే ఏర్పాటు ఇక్కడ లేదు కనుక, ఎంపిక పూర్తిగా మనదే అవుతుంది. గోల్కొండలో కోట పైభాగాన ఉన్న బాలాహిసార్ దాకా వెళ్ళాలంటే మెట్లు తప్ప వేరే గతి లేదు, కాబట్టి అక్కడ ఆలోచించవలసిందీ లేదు. ఇక్కడ మాత్రం పైకి వాహనం వెళ్ళే దారి ఉంది. చిక్కంతా ఆ దారి వల్లనే వస్తుంది.

ఆ దారి సన్నగా, నిటారుగా, మలుపులతో ఉంటుంది. గుడి దగ్గరపడే కొద్దీ పూలు, గాజులు, ఆటబొమ్మలు అమ్మేవాళ్ళూ, వాళ్ళ దగ్గర ఆగిపోయే పిల్లలూ, పిల్లల కోసం ఆగిపోయే పెద్దలూ రోడ్డును సగానికి పైగా ఆక్రమిస్తారు. వాహనం దిగిన తరువాత చెప్పులు వదలాలి, ఫోన్లను కౌంటర్‌లో అప్పగించాలి, ఆపైన పాలరాతి మెట్లెక్కాలి. ఏ బండి మీద వెళ్ళినా ఈ చివరి మెట్లు తప్పవు. కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవారి శక్తిని ఆ మెట్ల కోసం దాచిపెట్టడమే వాహనం చేయవలసిన పని అని నేను అనుకుంటాను.

ముందుగా సొంత కారు గురించి చెప్పి, దాన్ని పక్కన పెట్టేస్తాను. అందరూ మొదట కోరుకునేది అదే, నేను చిట్టచివర సిఫారసు చేసేదీ అదే. పైన కార్లు నిలిపే చోటు చాలా తక్కువ. ఆదివారం సాయంత్రం, అందరూ సూర్యాస్తమయాన్నీ హుస్సేన్ సాగర్‌నూ కలిపి చూడాలని బయలుదేరే వేళకు అక్కడికి చేరితే, కుటుంబాన్ని దించి, కారు నడిపేవారు మళ్ళీ కిందికి దిగి, స్థలం వెతుక్కొని, నడుచుకుంటూ పైకి రావలసి ఉంటుంది. ఇంతలో పైనున్నవాళ్ళు ఫోన్లు అప్పగించి లోపలికి వెళ్ళిపోతే, వాళ్ళను ఆ జనంలో కనిపెట్టడం ఎలాగో దేవుడికే తెలియాలి. మా ఆయన ఒకసారి అలాగే దర్శనం క్యూలో ఒంటరిగా నిలబడి, మేము బయటికి వచ్చేస్తున్న సమయానికి లోపలికి వెళ్ళారు. కారు తప్పనిసరి అయితే దాన్ని కిందనే, ఎన్టీఆర్ గార్డెన్స్ వంటి పార్కింగ్ ఉన్న చోట వదిలి, పైకి ఆటోలో వెళ్ళడం నయం.

కొండ కింది దాకా రావడానికి మెట్రోకు సాటి వచ్చేది లేదు. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్ళే ఎర్ర లైన్ మీద లక్డీకాపూల్, అసెంబ్లీ స్టేషన్లు రెండూ కొండకు దగ్గరివే. ఈ లైన్‌లో అమీర్‌పేట–ఎల్బీ నగర్ భాగం 2018 సెప్టెంబరులో మొదలైనప్పటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు ఉండే మా వంటివారికి కోఠీ, నాంపల్లి రద్దీని నేల మీద దాటవలసిన అవసరం తీరిపోయింది. నాగోల్ నుంచో రాయదుర్గం నుంచో వచ్చేవారు అమీర్‌పేటలోనూ, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) వైపు నుంచి వచ్చేవారు ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్)లోనూ రైలు మారితే సరిపోతుంది. రెండు స్టేషన్లలో నేను అసెంబ్లీకే ఓటు వేస్తాను. ఒక కారణం నడక కొంచెం తగ్గడం. రెండవది, నా దృష్టిలో ముఖ్యమైనది, స్టేషన్ లోపలి నుంచే రోడ్డుకు అవతలి వైపు దిగవచ్చు. రవీంద్రభారతి, పోలీస్ కంట్రోల్ రూమ్ చుట్టుపక్కల రోడ్డు దాటడం వయసులో ఉన్నవారికే పరీక్ష. శాసనసభ సమావేశాలు జరిగే రోజుల్లో ఆ పరీక్ష ఇంకా కఠినమవుతుంది. స్టేషన్‌లో లిఫ్టు ఉంది కనుక అక్కడి దాకా పెద్దవాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండదు.

బస్సును చిన్నచూపు చూడకూడదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవారికి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఈ రాష్ట్రపు చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటే చాలు. మెహిదీపట్నం–సికింద్రాబాద్ మధ్య తిరిగే 5కే, కోఠీ–కొండాపూర్ మధ్య తిరిగే 127కే వంటివి లక్డీకాపూల్ మీదుగా పోతాయి. నేనూ మా ఆడపడుచూ మాత్రమే వెళ్ళినప్పుడు బస్సే మా బండి. అయితే గుంటూరు నుంచి వచ్చిన మా పిన్నిగారికి ఆ ఉచితం వర్తించదు, టికెట్ కొనాలి. ఆవిడ దాన్ని ఈ నగరం తనపై చూపిన వివక్షగా ఇప్పటికీ చెప్పుకుంటారు. నగరపు లోకల్ రైలు ఎంఎంటీఎస్‌కు కూడా లక్డీకాపూల్‌లో స్టేషన్ ఉంది గానీ, రైళ్ళ వేళలు చూసుకొని బయలుదేరే ఓపిక ఉన్నవారికే అది పనికివస్తుంది.

ఇక కింది నుంచి పైకి. ఆరోగ్యంగా ఉన్నవారు నడవాలి. దానికి మించిన వాహనం లేదు. అసెంబ్లీ స్టేషన్ నుంచి దూరం సుమారు కిలోమీటరు, అందులో ఆయాసం వచ్చే భాగం చివరిదే. పొద్దున ఏడు గంటల ప్రాంతంలో వెళితే గుడి తలుపులు తెరిచి ఉంటాయి, ఎండ ఉండదు, ఆ సన్నదారిలో బండ్లూ ఉండవు. మధ్యాహ్నం పన్నెండుకు గుడి మూసి మళ్ళీ కొంతసేపటికి తెరుస్తారన్న సంగతి మరచిపోయి వేసవిలో నడిచి ఎక్కితే మాత్రం, పైన మూసిన తలుపులూ, కాలు మోపలేనంతగా కాలిన రాతి నేలా స్వాగతం చెబుతాయి.

నడవలేని వారి విషయంలో ఆటోకూ క్యాబ్‌కూ మధ్య ఎంచుకోమంటే నేను ఆలోచించకుండా ఆటో అంటాను. ఎండాకాలంలో ఏసీ ఉంటుందని మా పిల్లలు క్యాబ్ పట్టుబడతారు. కానీ ఆ ఏటవాలు మీద ఎదురుగా మరో కారు వచ్చినప్పుడు వెనక్కి తీయవలసి వచ్చే కారు కంటే, ఏ సందులోనైనా తిరగగలిగే ఆటో ఎంతో మేలు. పైగా గేటుకు వీలైనంత దగ్గరగా తీసుకుపోయి దింపుతుంది. యాప్‌లో గమ్యం పెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా అవసరం: బిర్లా పేరుతో ఆ కొండ మీదనే ప్లానెటేరియం, సైన్స్ మ్యూజియం కూడా ఉన్నాయి, వాటి గేటు వేరు. తొందరలో అది నొక్కితే ముసలివాళ్ళను వేరే ద్వారం ముందు దింపి, అక్కడి నుంచి నడిపించవలసి వస్తుంది. బేరమాడి ఎక్కే ఆటోలో ఈ బాధ లేదు, కానీ మొదటే ఒక ప్రశ్నకు స్పష్టంగా జవాబు చెప్పాలి. "పైదాంక పోవాల్నా అమ్మా, కిందనే దిగుతరా?" అని డ్రైవరు అడుగుతాడు. "గుడి దాకా" అన్న మాటను కొండ మొదలుగానే అర్థం చేసుకొని రేటు చెప్పేవారున్నారు కనుక, "చెప్పుల స్టాండ్ దాకా" అనడం నాకు అలవాటైంది.

ఇంతవరకూ ఎక్కడం గురించే చెప్పాను, అందరూ అడిగేదీ దాని గురించే. నా అనుభవంలో అసలు నిర్ణయం దిగడానికి సంబంధించినది. మా అత్తయ్యగారికి మోకాళ్ళు అరిగాయి. ఎక్కేటప్పుడు ఆయాసపడినా నాలుగు చోట్ల ఆగి ఎక్కేస్తారు. దిగేటప్పుడే ఆవిడ ముఖం మారిపోతుంది. "ఎక్కితే ఊపిరి పోతుందమ్మా, దిగితే మోకాలు పోతుంది, ఊపిరి అయితే తిరిగి వస్తుంది" అన్నారు ఒకసారి. వైద్యులు చెప్పేదీ అదే: వాలు దిగేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప మీద పడే ఒత్తిడి ఎక్కువ. అందువల్ల ఒక్క వైపుకే ఆటో దొరికే పరిస్థితి వస్తే, దాన్ని దిగడానికి ఉంచుకోవాలని నేను అంటాను. వినేవాళ్ళు నవ్వుతారు, తిరుగు ప్రయాణంలో నవ్వు తగ్గుతుంది.

దిగడానికి బండి దొరకడం కష్టమయ్యేది కూడా ఆ కొండ మీదనే. ఫోన్లు అప్పగించాం కనుక, దర్శనం ముగిసి, మెట్లు దిగి, కౌంటర్ ముందు వరుసలో నిలబడి, టోకెన్ ఇచ్చి ఫోన్ తీసుకునే దాకా ఎవరినీ పిలవలేం. తీసుకున్న తరువాత బుక్ చేసినా, సాయంత్రం రద్దీలో ఖాళీ బండితో ఆ ఎత్తు ఎక్కి రావడానికి డ్రైవర్లు ఇష్టపడరు. "కిందికి రండి, మెయిన్ రోడ్డు మీద ఉన్నా" అంటారు. కిందికి రాలేకనే కదా బండి పిలిచింది. దీనికి నేను కనిపెట్టిన ఉపాయం పాతకాలపుదే: ఎక్కించిన ఆటోవాడితోనే రానూపోనూ మాట్లాడుకోవడం. గంటసేపు ఆగినందుకు అదనంగా ఇవ్వవలసిన డబ్బు ఎక్కువే అనిపిస్తుంది గానీ, దిగేటప్పుడు అత్తయ్యగారి చేయి పట్టుకొని ఆ జనంలో, ఆ వాలు మీద నడిపించడం కన్నా అది ఎంతో చవక. అతని బండి నంబరును కాగితం మీద రాసుకోవాలి, ఫోన్‌లో కాదు. ఫోన్ కౌంటర్‌లో ఉంటుంది. ఎక్కడ నిలుపుతాడో ముందే చూపించమని అడగాలి. సగం డబ్బు ముందు ఇవ్వడమా మానడమా అన్నది మనిషిని చూసి తేల్చుకోవలసిందే; నేను ఇవ్వను.

వయసులో ఉన్నవారు మాత్రం దిగేటప్పుడు ఏ బండీ ఎక్కకూడదని నా కోరిక. చీకటిపడ్డాక పైనుంచి హుస్సేన్ సాగర్ మధ్యనున్న బుద్ధ విగ్రహం, సచివాలయం గుమ్మటాలు, 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఒకే చూపులో కనిపిస్తాయి. అటువైపుగా దిగితే లుంబినీ పార్కు దాకా నడకే. అసెంబ్లీ వైపు దిగితే మెట్రో సిద్ధంగా ఉంటుంది. గుడి రాత్రి తొమ్మిదికి మూస్తారు, మెట్రో పది దాటాక కూడా నడుస్తుంది కనుక కంగారు పడవలసిన పని లేదు.

ద్విచక్ర వాహనం గురించి చెప్పకపోతే మా తమ్ముడు ఊరుకోడు. నిలిపే చోటు దొరకడంలో దానికి సాటి లేదు, నిజమే. కానీ ఇద్దరు వెళ్ళడానికి తప్ప అది పనికిరాదు, వాన పడిన రోజున ఆ వాలు మీద దాన్ని నేను నమ్మను.

వైకుంఠ ఏకాదశి నాడూ, జనవరి 1నా ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. ఆ రోజుల్లో జనం కొండ దిగువ దాకా నిండి, ఆటో కూడా సగంలోనే దింపేస్తుంది. నడవలేనివారిని ఏ బండీ గేటు దాకా చేర్చలేదు. అత్తయ్యగారిని నేను ఏకాదశికి తీసుకువెళ్ళను. ఆ తరువాతి వారంలో ఒక మంగళవారమో బుధవారమో, పొద్దున్నే, రానూపోనూ మాట్లాడుకున్న ఆటోలో తీసుకువెళతాను. ఆవిడ దానికి ఒప్పుకున్నది ఉత్తర ద్వారం గురించి కొంత వాదించిన తరువాతే.