సోమశిల నుంచి సంగమేశ్వరం దారిలో

మార్చి ఆఖర్లో, శ్రీశైలం జలాశయం నీళ్లు బాగా తగ్గాయని తెలిసి మామయ్య సంగమేశ్వరం గుడి చూద్దామన్నాడు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది నిండితే ఆ గుడి నీళ్ల కిందే ఉంటుంది. ఎండాకాలం మట్టం పడిపోయినప్పుడే బయటపడుతుంది. వేపమొద్దుతో చేసిన లింగం, ఏడు నదులు కలిసే చోటు అని చిన్నప్పటి నుంచి వింటున్నాను. నల్లగొండలో తెల్లవారుజామున బయలుదేరి దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ చేరాం. అక్కడ టీ తాగి సోమశిల రేవుకి దిగాం.

మాట్లాడుకున్న బోటు చిన్నదే. మధ్యలో డీజిల్ ఇంజన్, దాని మీద చెక్క మూత. లైఫ్ జాకెట్లు వేసుకున్నాకే బోటు నడిపే అన్న ఇంజన్ స్టార్ట్ చేశాడు. నాది ట్రాక్టర్ రిపేర్ షాపు కాబట్టి నా చెవి ఆ శబ్దం మీదే ఉంది. ఆరోగ్యంగానే మోగింది. ఒక పక్క నల్లమల కొండలు, ఎదురుగా ఎండిన ఒడ్లు. మట్టం దిగిన చోట గట్టు మీద తెల్లటి చారలు ఒకదాని కింద ఒకటి గీసినట్టున్నాయి.

ముప్పావు గంట పోయాక డీజిల్ వాసనలో కాలిన రబ్బరు వాసన కలిసింది. ఇంజన్ వేడి చూపే మీటర్ ముల్లు మామూలుగా ఉండే 80 దాటి 100 మీదికి పాకింది. నేను మూత ఎత్తి, ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లుండే కూలెంట్ ట్యాంకు టోపీ మీదికి గుడ్డ తీసుకున్నాను. "టోపీ తియ్యకు తమ్మీ, ఆవిరి మొఖం మీదికొస్తది," అంటూ అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన మాటే నిజం. లోపల ఒత్తిడి ఉన్నంతసేపు నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగుతాయి. టోపీ తిప్పగానే ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతాయి. కాగిన ఇంజన్ మీద చల్లటి నీళ్లు పోయడమూ అంతే ప్రమాదం, ఇంజన్ పైభాగమైన హెడ్డు పగులుతుంది. షాపులో కుర్రాళ్లకి రోజూ నేను చెప్పే మాటలే ఇవి, కంగారులో నేనే మరిచాను.

ఇంజన్ ఆపి లంగరు వేశాం. మామయ్యకి టెన్షన్‌గా ఉంది, గాలి బోటుని రాళ్ల వైపు తోస్తోంది. అన్న మాత్రం ముల్లు వైపు చూడలేదు. వంగి, బోటు పక్కన ఉన్న చిన్న గొట్టాన్ని తడిమాడు. "ఇందులోంచి నీళ్లు పడతలేవ్," అన్నాడు. నాకు అసలు సంగతి అక్కడ అర్థమైంది. ట్రాక్టర్‌కి రేడియేటరూ ఫ్యానూ ఉంటాయి. ఈ బోటులో ఆ పని నది చేస్తుంది. అడుగునుంచి వచ్చే నదినీళ్లు జాలీలో వడకట్టుకుని, రబ్బరు రెక్కల పంపు దాటి, హీట్ ఎక్స్ఛేంజర్‌లో కూలెంట్ వేడిని తీసుకుని ఆ గొట్టంలోంచి బయటికి పోవాలి. ఆ ధార ఆగిందంటే వరసలో ఎక్కడో అడ్డం పడ్డట్టే.

అరగంట పైనే ఆగాం. అడుగు వాల్వు కట్టి జాలీ విప్పితే పిడికెడు నాచు, బురద. లోతు తగ్గిన చోట బోటు పోయింది కదా, ఆ తీగలన్నీ లోపలికొచ్చాయి. అది కడిగి బిగించి స్టార్ట్ చేసినా గొట్టంలో ధార రాలేదు. ఆపి పంపు మూత విప్పాం. లోపల తిరిగే రబ్బరు చక్రం, ఇంపెల్లర్‌కి ఆరు రెక్కలుండాలి, మూడే ఉన్నాయి. ఆ రబ్బరుకి నీళ్లే నూనె. జాలీ మూసుకుపోయి పొడిగా తిరిగిన కాసేపట్లోనే అది కాలి, తెగిపోయింది.

పెట్టెలోంచి అన్న కొత్త ఇంపెల్లర్ తీశాడు. నేను కొంచెం సబ్బు రాసి, తిరిగే వైపుకి వ్యతిరేకంగా రెక్కలు వాలేలా వంచి ఎక్కించాను. ఎక్కించి బయలుదేరదామనుకున్నాను. అన్న ఒప్పుకోలేదు. "మూడు ముక్కలు ఎటు పోయినయ్?" అన్నాడు. పంపు తర్వాతి పైపు విప్పితే మూలమలుపులో ఒకటి, హీట్ ఎక్స్ఛేంజర్ మూతి దగ్గర ఒకటి దొరికాయి. మూడోది కనిపించలేదు. ఎక్స్ఛేంజర్ లోపలి సన్నటి గొట్టాల్లోకి దూరి ఉంటుందని ఆయన అనుమానం. ఇంజన్ నెమ్మదిగా నడిపితే గొట్టం ధార పల్చగా పడుతోంది, ముల్లు 85 దగ్గర నిలిచింది. వేగం పెంచితే మళ్లీ పైకే.

"గుడి దాకా పోవుడు తప్పు," అన్నాడు. మామయ్య దూరంగా నీళ్ల మధ్య కనిపించే గోపురం కొస వైపు చేతులు జోడించాడు. బోటు తిప్పుకున్నాం. దారి పొడవునా నేను ఆ గొట్టం కింద చెయ్యి పెట్టి కూర్చున్నాను. గోరువెచ్చగా తగులుతున్నంతసేపు మాట్లాడలేదు, అన్న కూడా వేగం పెంచలేదు.

రేవుకి చేరేసరికి ఎండ వాలుతోంది. మేం కారు వైపు నడుస్తుంటే వెనక్కి చూశాను. అన్న బోటులోనే కూర్చుని, హీట్ ఎక్స్ఛేంజర్ మూత విప్పి, ఒక్కో గొట్టంలో సన్నటి తీగ దూరుస్తున్నాడు.